గుండీలత్త లెక్కలు

ఆగస్టు 3, బుధవారం

ఇంటికొచ్చాను. గొంతులో రెండు చిన్న కంతులు ఉండేవట, తీసేశారు. డాక్టరమ్మ మరీ మరీ చెప్పి పంపింది. నెలన్నర దాకా ఒక్క మాట పైకి రాకూడదు. గుసగుస అసలే పనికిరాదట, గొంతుకు అది అరుపుకన్నా చేటట. పెదవులు కదపడం కూడా మానేయమంది. పెదవి కదిలితే గొంతు ఊరుకోదట. నా సంగతి ఆవిడకు ఎవరు చెప్పారో!

మాట్లాడకుండా ఉండలేను కాబట్టి రాస్తున్నాను. ఎవరి కోసమూ కాదు.

మావారు సిటీ బస్సు నడుపుతారు. పొద్దస్తమానం తను హారను మోగించి ఇంటికొస్తే, ఇక్కడ నేను మోగుతానని పెళ్ళయిన కొత్తలో నలుగురిలో అనేవారు. ఈ సాయంత్రం టీ కలిపి నా ముందు పెట్టి, ఎదురుగా కూర్చుని టీవీ పెట్టారు. కాసేపటికి తనే ఆపేశారు.

గొంతు గురించి నాకు బెంగేమీ లేదు.

ఆగస్టు 5, శుక్రవారం

హెడ్‌మిస్ట్రెస్ గారు ఫోన్ చేశారు. మావారు స్పీకరు పెట్టి పట్టుకున్నారు. హాయిగా సెలవు పెట్టి విశ్రాంతి తీసుకోమన్నారు. ఒకవేళ గొంతు సరిగా రాకపోతే లైబ్రరీ గది చూసుకోవచ్చనీ, అక్కడ మాట్లాడే పని ఉండదనీ అన్నారు. ఆవిడ మంచికే చెప్పారు. కానీ ఆ లైబ్రరీ గదిలో ఉన్నవి విరిగిన బెంచీలూ, పాత గ్లోబూనూ.

పలక మీద "సోమవారం బడికి వస్తున్నాను" అని రాశాను. మావారు దాన్ని చదివి వినిపించారు. చివరికి ఒప్పుకున్నారు. భాష పాఠాలు ఈ ఏడే చేరిన కొత్తమ్మాయి చెబుతుంది, లెక్కలు మాత్రం నావి. పిల్లలు వెనకబడితే ఇక తన చేతుల్లో ఏమీ ఉండదని కూడా అన్నారు.

లెక్కలు వెనకబడడమా, నా క్లాసులోనా? రెండో తరగతికి నేను ఎక్కాలు ఎత్తుకుంటే ఐదో తరగతి గదిలో పిల్లలు పెదవులు కదిపేవాళ్ళు. పొద్దున్నే బడి పాట ఎత్తుకునేదీ నేనే. మైకు ఎప్పుడూ వాడలేదు.

ఆగస్టు 8, సోమవారం

బాగానే గడిచింది.

బోర్డు మీద లెక్కలు రాశాను, పిల్లలు దించుకున్నారు. ఐదో ఎక్కం అని రాసి చెయ్యి ఎత్తాను. ఎవరూ మొదలుపెట్టలేదు. ఎప్పుడూ మొదలుపెట్టేది నేను కదా. అందరూ నా నోటి వంకే చూస్తున్నారు. అప్పుడు ముందు బెంచీలో ఎక్కాల పాప లేచి అందుకుంది. దానికి ఇరవయ్యో ఎక్కం దాకా ఊపిరి తీసుకోకుండా వచ్చు. వాళ్ళమ్మ చుట్టాలింటికి తీసుకెళ్ళి మరీ చెప్పిస్తుంది. దాని వెనక మిగతావాళ్ళు అందుకున్నారు. గది నిండింది. నేను చెయ్యి ఊపుతూ నిలబడ్డాను, బ్యాండు మేళం ముందు నడిచేవాడిలాగా.

మధ్యాహ్నం వకీలు నా బల్ల దగ్గరికొచ్చాడు. ప్రతిదానికీ వాదిస్తాడని వాడికి నేను పెట్టుకున్న పేరు అది.

"టీచర్, మీరు మా మీద అలిగారా?"

తల అడ్డంగా ఊపాను. వాడు నమ్మినట్టు లేదు.

బాగానే గడిచింది.

ఆగస్టు 9

బాగా గడవలేదు.

ఆగస్టు 14, ఆదివారం

అత్త దగ్గరికి వెళ్ళాను.

మా మేనత్తకు పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. నాన్నకు అక్క. బజారు వీధి చివర చిన్న కుట్టు దుకాణం పెట్టుకుని బతికింది. చేతులు వణుకుతున్నాయని ఈమధ్యే మిషను ఆపేసింది గానీ, ఇప్పటికీ ఆ దుకాణం మీది గదిలోనే ఉంటుంది. అమ్మ ఆసుపత్రిలో నర్సు, నాన్న రైలు గార్డు. ఇద్దరివీ వేళాపాళా లేని డ్యూటీలు. అందుకని బడి వదలగానే నేను వెళ్ళేది ఆ దుకాణానికే. పదేళ్ళు వచ్చేదాకా నా సాయంత్రాలన్నీ అక్కడివే.

మేమిద్దరం చేతులతో మాట్లాడుకునేవాళ్ళం. అది ఏ బడిలోనూ నేర్పే భాష కాదు, మా ఇద్దరిదీ. చెవి తమ్మె పట్టుకుంటే నేను. చిన్నప్పుడు నాకు చెవి పోటు వచ్చి వీధంతా వినపడేలా ఏడ్చానట, ఆ పేరే నిలిచిపోయింది. బొటనవేలి కొనను పిడికిట్లో దాచితే అత్త. కుట్టేటప్పుడు వేలికి ఎప్పుడూ ఇనుప టోపీ తొడుక్కుని ఉండేది కాబట్టి. మీసం తిప్పితే నాన్న.

తర్వాత తర్వాత ఆ చేతి మాటలు తగ్గిపోయాయి. అత్త పెదవులు చూసి అర్థం చేసుకోగలదు, నాకేమో నోరు ఎక్కువ. పళ్ళు తీసుకెళ్ళి, పెదవులు పెద్దగా కదిపి నాలుగు మాటలు చెప్పి, బస్సు టైమైందని వచ్చేసేదాన్ని. ఈరోజు ఆ దారి మూసుకుపోయింది. పెదవి కదపకూడదు కదా.

మావారు ముందే చీటీ రాసి ఆపరేషన్ సంగతి చెప్పారు. అత్త నా మెడ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. బయట కుట్టు కనపడక నిరుత్సాహపడినట్టుంది. తర్వాత చేతులతో గబగబా ఏదో అడిగింది. నాకు సగం అర్థమైంది, సగం కాలేదు. నేను అడగబోయిందానికి నాకు చెయ్యే, అంటే చేతి మాటే, దొరకలేదు. "అన్నం తిన్నావా" దొరికింది. "వాన" దొరికింది. "బడి" అనడానికి రెండు చేతులూ గాల్లో ఆడించి వదిలేశాను. అత్త నా చేతులు పట్టుకుని వేళ్ళు సరిగ్గా పెట్టింది. అరచేతిలో బలపం గీత. అదే బడి. ఎలా మర్చిపోయాను?

గది ఏమీ మారలేదు. మిషను నూనె వాసన, ఇస్త్రీ గుడ్డ కాలిన వాసన. కిటికీ పక్కన అదే పొడుగాటి బల్ల, దాని మీద రంగు సుద్ద గీతలు. అల్మరాలో బిస్కెట్ డబ్బాల నిండా గుండీలు. వీధిలో అందరూ ఆవిణ్ణి గుండీలత్త అనేవాళ్ళు. తెగిన గుండీ ఏ రంగుదైనా, ఏ సైజుదైనా ఆ డబ్బాల్లో దొరికేది.

నేను గోల చేయకుండా ఉండాలని ఆ గుండీలతో లెక్కలు పెట్టేది. మూడు బొమ్మలు కూర్చోబెట్టి గుప్పెడు గుండీలు పోసి "అందరికీ సమానంగా పంచు" అనేది. గుడ్డ పేలిక ఇచ్చి, టేపు పెట్టకుండా మూడు సమాన ముక్కలు చేయమనేది. చేసి చూపిస్తే ఒకసారి చూసి, తప్పయితే బల్ల మీద వేలితో రెండు సార్లు కొట్టేది. అంటే మళ్ళీ చూడమని. జవాబు మాత్రం చచ్చినా చెప్పేది కాదు. ఒప్పయితే మెచ్చుకునేదీ కాదు. అన్నీ చేత్తో ఒక్క తోపు తోసేసి కొత్త లెక్క పెట్టేది. ఆ తోపు కోసం నేను పడి చచ్చేదాన్ని.

వచ్చేటప్పుడు ఒక డబ్బా అడిగాను. చెయ్యి సరిగ్గానే పెట్టాను. రెండిచ్చింది.

ఆగస్టు 16, మంగళవారం

ముగ్గురేసి పిల్లల్ని నేల మీద కూర్చోబెట్టి ఒక్కో జట్టుకు ఇరవై గుండీలు పోశాను. బోర్డు మీద "సమానంగా పంచుకోండి" అని రాసి చేతులు కట్టుకున్నాను.

ముందు అందరూ నచ్చిన రంగుల కోసం కొట్టుకున్నారు. తర్వాత పంచుకోవడం మొదలైంది. తలా ఆరు వచ్చి రెండు మిగిలాయి. మిగిలినవి ఏం చెయ్యాలన్న దాని మీద అసలు రభస. వాటిని టీచరుకు ఇచ్చేయాలని వకీలు వాదన. ముందు పళ్ళు రెండూ ఊడిన పాప ఉంది, బోసినోరు అంటాను, అది మాత్రం పక్క జట్టు మిగుళ్ళతో కలిపితే ఇంకోసారి పంచుకోవచ్చంది. రెండు జట్లు కలిశాయి. నాలుగు గుండీలు, ఆరుగురు. మళ్ళీ గొడవ. మూడో జట్టును పిలిచారు. ఆరు గుండీలయ్యాయి గానీ మనుషులు తొమ్మిదిమంది అయ్యారు. ఎంతమందిని కలిపినా ఎందుకు సరిపోవడం లేదో తెలియక బోసినోరు నడుం మీద చేతులు పెట్టుకుని గుండీల వంక కోపంగా చూసింది.

ఎక్కాల పాప మాత్రం గుండీలు ముట్టుకోలేదు.

"మూడు ఆరులు పద్దెనిమిది. మూడు ఏడులు ఇరవై ఒకటి. మూడో ఎక్కంలో ఇరవై లేదు టీచర్. లెక్క తప్పిచ్చారు" అంది.

అది చెప్పింది నిజమే. మూడో ఎక్కంలో ఇరవై లేదు. నేల మీద మాత్రం ఉంది. నా వేలు తనంతట తనే బల్ల మీద రెండు సార్లు కొట్టింది. అది నా వంక, గుండీల వంక చూసి ఏడుపు మొదలుపెట్టింది.

మామూలుగా అయితే ఎత్తుకుని నాలుగు మంచి మాటలు చెప్పేదాన్ని. పక్కన కూర్చున్నాను, అంతే. కాసేపటికి ఒక్క గుండీ తీసి చేతిలో పట్టుకుంది.

ఆగస్టు 17

గొంతు గురించి ఈరోజు ఆలోచించలేదు. స్నానాలగదిలో కుళాయి తిప్పాక చిన్న శబ్దం ఏదో వినిపించింది, పాట మొదటి అక్షరంలాగా. పైపుది అయి ఉంటుంది.

ఆగస్టు 19, శుక్రవారం

నీళ్ళ లెక్క. రెండు బుల్లి డబ్బాల్లో పెద్దదాంట్లో ఐదు చెంచాల నీళ్ళు పడతాయి, చిన్నదాంట్లో రెండు చెంచాలు. చెంచా నేను తీసేసుకున్నాను. ఆ రెండు డబ్బాలతోనే సరిగ్గా ఒక్క చెంచా నీళ్ళు తెచ్చి చూపించాలి.

గది చెరువైంది. కొత్తమ్మాయి నవ్వాపుకుంటూ గుడ్డ పట్టుకుని తిరిగింది. కానీ ముగ్గురు చేసేశారు. పెద్దది నింపి, చిన్నదాంట్లోకి ఒంపి పారబోసి, మళ్ళీ ఒంపారు. అడుగున మిగిలింది ఒక్క చెంచా. నేను చెంచాతో కొలిచి చూపించేసరికి వకీలు గెంతులు వేస్తూ జారిపడ్డాడు.

నేనేమీ మెచ్చుకోలేదు. నీళ్ళు పారబోసి, డబ్బాలు మార్చి ఇంకో లెక్క పెట్టాను. వాళ్ళ ముఖాలు చూస్తే అత్త బల్ల ముందు నా ముఖం ఎలా ఉండేదో ఇన్నేళ్ళకు చూసినట్టయింది. అప్పుడు ఎండ ఏటవాలుగా వచ్చి సుద్ద పొడి మీద పడేది. అత్త కాలు మిషను పెడల్ మీద ఆగకుండా ఆడుతూనే ఉండేది, కన్ను మాత్రం నా చేతుల మీద. బయట ఎన్ని రిక్షాలు గంట కొట్టినా ఆ గదిలో ఉన్నంతసేపు నాకూ వినపడేది కాదు.

ఎక్కాల పాప గౌను తడుస్తుందని గోడకు ఆనుకుని నిలబడింది. కానీ కళ్ళు ఆర్పకుండా చూసింది.

ఆగస్టు 23, మంగళవారం

ఎక్కాల పాప వాళ్ళమ్మ బడికి వచ్చింది. పాప జేబులో గుండీలు దొరికాయట. చుట్టాల ముందు పదమూడో ఎక్కం చెప్పమంటే చెప్పకుండా నేల మీద కూర్చుని గుండీలు పంచుతోందట.

ఆఫీసు గది తలుపు తెరిచే ఉంది. నేను వరండాలో నిలబడి ఉన్నాను. ఆవిడ నన్ను చూడలేదనే అనుకుంటాను.

"మూగ టీచర్ని పెట్టి పిల్లలతో ఆటలాడిస్తున్నారు. ఇంతోటి దానికి బడికెందుకు పంపడం?"

ఆవిడ అన్నది ఇంకా చాలా ఉంది. మిగతాదేదీ నాకు గుర్తులేదు.

ఆ మాట నాకు కొత్తేమీ కాదు. చిన్నప్పుడు ఒకాయన దుకాణం మెట్ల మీద నిలబడి, మూగదానికి కుట్టడానికి ఇస్తే ఇలాగే తగలడుతుందని అరిచాడు. నేను వెళ్ళి ఆయన ముంజేయి కొరికాను. అత్త నన్ను లాగి, ఆయన చొక్కా తీసుకుని చేతుల పొడవు కొలిచి, ఆయన చేతులు కొలిచి, రెండూ సరిగ్గా ఉన్నాయని చూపించి పంపేసింది. తర్వాత నా పంటి గాటు తలుచుకుని నవ్వింది. తన నవ్వు తనకు వినపడదు కాబట్టి దానికి హద్దు ఉండేది కాదు, పీపాలో రాళ్ళు దొర్లినట్టు ఉండేది. వీధి చివరి దాకా అందరి తలలూ ఇటు తిరిగేవి. ఆ నవ్వంటే అప్పుడు నాకు కాస్త సిగ్గు. ఇప్పుడు వినాలని ఉంది.

హెడ్‌మిస్ట్రెస్ గారు సాయంత్రం పిలిచారు. ఆవిడ ముఖం అలిసిపోయి ఉంది. మరో ఇద్దరు తల్లిదండ్రులు కూడా అడిగారట. మూడో తేదీ శనివారం పేరెంట్స్ మీటింగు ఉంది, ఆ రోజు అందరి ముందూ నా క్లాసు చూపించమన్నారు. వాళ్ళకు నచ్చకపోతే సోమవారం నుంచి కొత్తమ్మాయే లెక్కలు కూడా తీసుకుంటుంది, నేను లైబ్రరీ గదికి వెళ్ళాలి.

సరేనని తలూపాను. ఆవిడ నా చెయ్యి నొక్కి వదిలారు.

ఆగస్టు 24

బడికి వెళ్ళలేదు. తలనొప్పి.

ఆగస్టు 25

తలనొప్పి కాదు.

ఆగస్టు 28, ఆదివారం

అత్తకు అంతా చెప్పాను. చేతులతోనే. చాలాసేపు పట్టింది. దొరకని చోట మేమిద్దరం కలిసి కొత్తవి పెట్టుకున్నాం. హెడ్‌మిస్ట్రెస్‌కు కళ్ళజోడు. ఎక్కాల పాపకు అరచేయి నోటి దగ్గర గబగబా ఆడించడం. దాన్ని చూసి అత్త మురిసిపోయింది.

పాప వాళ్ళమ్మ అన్న మాట మాత్రం చెప్పలేదు. అత్తే అడిగింది. తన నోటి మీద అడ్డంగా వేలు గీసి, కనుబొమలు ఎగరేసింది. అవునన్నాను. ఈగను తోలినట్టు చెయ్యి విసిరింది.

శనివారం ఏ లెక్క పెట్టాలో తోచడం లేదని చెప్పాను. లేచి డబ్బా దించి, బల్ల మీద గుండీలు గుమ్మరించింది. దారం మూర కొలిచి, రెండు కొసలూ ముడి వేయమని నాకిచ్చింది. తన వేళ్ళు ఇప్పుడు ముడికి లొంగడం లేదు. దాని వంక చూడలేదు తను, నేనూ చూడనట్టే ఉన్నాను.

దారం ఉంగరం బల్ల మీద పెట్టింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఈ దారం లోపల ఎన్ని గుండీలు పడతాయి? ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు, దారం తెగకూడదు. చిన్నప్పుడు నన్ను ఎన్నో సాయంత్రాలు ఏడిపించిన లెక్క. నేనేమో దారాన్ని దోసకాయలా పొడుగ్గా లాగి, అదే పెద్దదని మొండికేసేదాన్ని. రెండు సార్లు వేలి చప్పుడు. పలకలా పెట్టేదాన్ని. మళ్ళీ రెండు సార్లు. ఒకరోజు కోపం వచ్చి గుండీలన్నీ మధ్యలో పోసి లోపలి నుంచి అన్ని వైపులకూ తోశాను. దారం దానంతట అది బిగిసి పళ్ళెంలా గుండ్రంగా అయింది. ఒక్కొక్కటే దూర్చుతుంటే ఇంకా పడుతూనే ఉన్నాయి. అత్త మిషను ఆపింది. ఎప్పుడూ ఆపేది కాదు. లేచి వచ్చి చూసి, అన్నీ తోసేసింది.

ఇంతకాలం అది నాకు లెక్క అనే గుర్తులేదు. ఎండ గుర్తుంది, ఆగిన మిషను గుర్తుంది.

శనివారం రమ్మని అత్తను పిలిచాను. ఏ బట్టలు కట్టుకోవాలని అడిగింది. సాయంత్రం దాకా ఆ సంగతే.

సెప్టెంబరు 3, శనివారం

అంతా రాసేయాలి, మర్చిపోకముందే.

ఆటస్థలంలో ఒక పెద్ద తాడును ముడివేసి నేల మీద పడేశాను. తల్లిదండ్రులు అరుగు మీద కుర్చీల్లో కూర్చున్నారు. అత్త చివరి కుర్చీలో కూర్చుంది, ఇస్త్రీ మడత చెదరని బట్టల్లో, వచ్చినవాళ్ళ భుజాల కుట్లు పరీక్షిస్తూ. పలక మీద రాసి ఎత్తి చూపించాను: "తాడు లోపల ఎంతమంది నిలబడగలరు?" తాడు తొక్కకూడదు, ఒకరి మీద ఒకరు ఎక్కకూడదు. అంతే. పక్కకు తప్పుకున్నాను.

వకీలు వెంటనే పెత్తనం తీసుకున్నాడు. తాడును రైలు పెట్టెలా పొడుగ్గా లాగించి, అందరినీ వరుసలో నిలబెట్టాడు. పది పన్నెండు మందికే నిండిపోయింది. మిగతా సగంమంది బయట. తాడు చిన్నదని వాడు తీర్పు చెప్పాడు. అరుగు మీద ఒకాయన ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టాడు. జవాబు నా గొంతు దాకా వచ్చింది. ఒక్క మాట అంటే చాలు. పలకను నోటికి అడ్డం పెట్టుకున్నాను.

బోసినోరు వచ్చి నాలుగు మూలలూ పట్టించి గదిలా చేయించింది. ఇంకొందరు పట్టారు. అయినా కొందరు బయటే. అప్పుడు తోపులాట. ఎక్కాల పాప ఎక్కడో మధ్యలో ఇరుక్కుపోయింది. దాని రిబ్బను ఊడింది. వాళ్ళమ్మ కుర్చీలోంచి లేవబోయింది. పాప ఊపిరాడక రెండు చేతులూ చాపి చుట్టూ ఉన్నవాళ్ళను తోసింది. తోసి ఆగి చూసింది. దాని చుట్టూ చోటు వచ్చింది. మళ్ళీ తోసింది.

"అందరూ బయటికి తొయ్యండి" అంది. "వీపుతో తొయ్యండి, అన్ని పక్కలకీ."

అంచున ఉన్నవాళ్ళు తాడును వీపుల మీదికి ఎత్తుకుని వెనక్కి వాలారు. తాడు మూలలు కరిగిపోయాయి. గుండ్రంగా, బిగుతుగా, చక్రంలా నిలబడింది. మధ్యలో నేల కనిపించింది. బయట ఉన్నవాళ్ళను ఒక్కొక్కరినే తాడు కింద నుంచి లాక్కున్నారు. క్లాసంతా పట్టింది. ఇంకా చోటుంది. వకీలు అరుగు దగ్గరికి పరిగెత్తుకొచ్చి హెడ్‌మిస్ట్రెస్ గారి చెయ్యి పట్టుకున్నాడు.

"మేడమ్, మీరు కూడా పడతారు. లావున్నా పడతారు."

ఆవిడ వెళ్ళారు. చెప్పులు విడిచి, తాడు ఎత్తుకుని, నడుం వంచి లోపలికి దూరారు. ఆ క్షణాన నా వెనక నుంచి పీపాలో రాళ్ళు దొర్లాయి. ఆటస్థలం అంతా తిరిగి చూసింది. అత్త కుర్చీ చేతులు పట్టుకుని ఊగిపోతూ నవ్వుతోంది. ముందు పిల్లలు నవ్వారు, తర్వాత అరుగంతా నవ్వింది. నేను మాత్రం చప్పుడు లేకుండా నవ్వాను, కన్నీళ్ళు కారేదాకా.

ఎక్కాల పాప వాళ్ళమ్మ నవ్వలేదు. పాప దగ్గరికి వెళ్ళి రిబ్బను కడుతూ, ఇంతకీ ఎంతమంది పట్టారని అడిగింది.

"అది మనం ఎలా నిలబడ్డామన్న దాన్ని బట్టి ఉంటుందమ్మా" అంది పాప.

ఆవిడ రిబ్బను ముడి విప్పి మళ్ళీ కట్టింది. నా దగ్గరికి రాలేదు. వెళ్ళేటప్పుడు గేటు దగ్గర ఆగి ఓసారి వెనక్కి చూసింది, అంతే. అది చాలు నాకు.

హెడ్‌మిస్ట్రెస్ గారు చెప్పులు తొడుక్కుంటూ, సోమవారం నుంచి కొత్తమ్మాయి కూడా లెక్కల గంటలో కూర్చుని నేర్చుకోవాలన్నారు. లైబ్రరీ ఊసెత్తలేదు.

సెప్టెంబరు 4

నిద్ర లేచేసరికి ఎండ మంచం మీదికి వచ్చింది. మావారు బస్సెక్కి వెళ్ళిపోయారు. పలక మీద "హారను లేకపోతే ఇల్లు ఇల్లులా లేదు. త్వరగా మోగు" అని రాసి పెట్టారు.

సెప్టెంబరు 17, శనివారం

డాక్టరమ్మ ఇక మాట్లాడొచ్చంది. "ఆ" అనమంది. అన్నాను. గదిలో ఇంకెవరో అన్నట్టు వినిపించింది. కిందికి దిగిపోయిన గొంతు, కంకర మీద నడిచినట్టు. పైకి వెళ్ళబోతే తెగిపోతోంది.

ఇదే ఉంటుందట. కాస్త తేరుకుంటుంది గానీ పాతది రాదట. క్లాసులో చిన్న మైకు పెట్టుకోవచ్చట. అరవకూడదు, పాడే పని ఇక పెట్టుకోవద్దంది.

బయటికి వచ్చాక మావారితో పదండన్నాను. ఆయన అటూ ఇటూ చూసి, "ఎవరండీ పిలిచింది?" అన్నారు నవ్వించాలని. తర్వాత దారిపొడవునా బస్సు కిటికీ వైపే చూస్తూ కూర్చున్నారు. రోజూ తను నడిపే దారే అది.

నేను ఏడవలేదు. బస్టాపులో దుమ్ము ఎక్కువ.

సెప్టెంబరు 18, ఆదివారం

అత్తకు చెప్పాలని వెళ్ళాను. గొంతు పాడైపోయిందని, బడి పాట ఇక వేరేవాళ్ళు ఎత్తుకుంటారని.

పెదవులు ఇప్పుడు కదపొచ్చు, అయినా ఎదురుగా కూర్చుని చేతులే ఎత్తాను. చెయ్యి దొరకలేదు. మర్చిపోయాననుకుని వెతుక్కున్నాను. ఎంత వెతికినా లేదు. అప్పుడు తెలిసింది, అది ఎప్పుడూ లేదు. బడికి చెయ్యి ఉంది, వానకు ఉంది, అన్నానికి ఉంది, ఏడుపుకు ఉంది. గొంతుకు మేము చెయ్యి పెట్టుకోలేదు. మా ఇద్దరి మధ్య దాని అవసరం ఎప్పుడూ పడలేదు. నేను పోగొట్టుకున్నదేమిటో అత్తకు చెప్పడానికి మాకు మాటే లేదు.

చేతులు ఒళ్ళో పడేసుకుని కూర్చున్నాను. అత్త నా ముఖం చూస్తోంది. తన చెయ్యి తీసుకున్నాను. వణుకుతోంది. అరచేయి నా మెడ మీద ఆనించి, బడి పాట పాడాను. మొదటి వరుస దాటకముందే తెగింది. అందుకుని పాడాను, మళ్ళీ తెగింది. ఎక్కడెక్కడ పైకి వెళ్ళాలో అక్కడల్లా పడిపోయింది. అయినా చివరి దాకా పాడాను.

అత్త కళ్ళు మూసుకుంది. నా మెడ మీద ఉన్నంతసేపూ ఆ చెయ్యి వణకలేదు.

అయిపోయాక నా చెయ్యి తీసుకుని తన గొంతు మీద పెట్టుకుంది. నోరు తెరిచి ఏదో అంది. తన జన్మలో నాతో ఏదైనా పైకి అనడం నేనెరగను. అది మాట కాదు, పాట కాదు. నా వేళ్ళ కింద మాత్రం చర్మం అలాగే అదిరింది, ఇందాక నాది అదిరినట్టే.

రెండు చూపుడు వేళ్ళు పక్కపక్కన పెట్టి చూపించింది. నీదీ నాదీ ఒకటే అని.

తర్వాత వేలెత్తి ఇంకోసారి పాడమంది. అరచేయి నా గొంతు మీద పెట్టి, కళ్ళు మూసుకుని ఎదురుచూసింది.

పాడాను.